హైదరాబాద్ టీమ్ ఢిల్లీ పోయింది. వింబుల్డన్ వాళ్లలా మనం కింది నుంచి మొదలుపెట్టొచ్చా?

బొల్లారం బ్యాక్ అడిగిన ప్రశ్న

అందరికీ నమస్తే. నేను ఆదివారాలు రైట్ బ్యాక్ ఆడతాను, అదీ మోకాలు ఒప్పుకున్నప్పుడు. 2022 మార్చి 20 గుర్తుందా, గోవాలో ఐఎస్ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్ ఫుట్‌బాల్) ఫైనల్, మన హైదరాబాద్ ఎఫ్‌సీ గోల్‌కీపర్ కట్టిమణి కేరళ బ్లాస్టర్స్ పెనాల్టీలు మూడు ఆపాడు. ఆ రాత్రి మా బిల్డింగ్ మొత్తంలో అరిచింది నేనొక్కణ్ణే, ఏం కొంప మునిగిందో అని కింది ఫ్లోర్ ఆంటీ పైకి వచ్చి చూసి వెళ్లారు. ఇప్పుడు ఆ క్లబ్ మనది కాదు, 2025లో స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అయిపోయింది. కోపం తెచ్చుకుందామన్నా సరిగ్గా రావట్లేదు, ఎందుకంటే 2019లో మనకు ఆ చోటు దొరికిందే పుణె క్లబ్ మూతపడితే. అక్కడివాళ్లు బాధపడుతుంటే మనం ఇక్కడ పసుపు జెర్సీలు కొనుక్కున్నాం.

విషయం ఏంటంటే, ఆఫీసులో ఒకతను అన్నాడు, లండన్‌లో వింబుల్డన్ అనే క్లబ్‌ని ఓనర్లు ఇలాగే వేరే ఊరికి పట్టుకుపోతే ఫ్యాన్సే సొంతంగా టీమ్ పెట్టుకుని తొమ్మిదో మెట్టు (అంటే పై నుంచి తొమ్మిదో లీగ్) నుంచి మూడో మెట్టు దాకా ఎక్కారట. వినడానికి బాగుంది గానీ నాకు అర్థం కానివి చాలా ఉన్నాయి. ఆడేవాళ్లు ఎక్కడ దొరికారు? డబ్బులు ఎవరిచ్చారు? ఎన్నేళ్లు పట్టింది? అలాంటిది మన దగ్గర కుదురుతుందా, లేక ఇది ఇంగ్లండ్ వాళ్లకే చెల్లుతుందా? తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి, వీడియో లింకులు వద్దు ప్లీజ్, అవన్నీ వెనక వయొలిన్ పెట్టి ఏడిపించడమే తప్ప లెక్కలు చెప్పట్లేదు.

టూటింగ్ తెలుగోడు

తమ్ముడూ, నేనుండేది లండన్ టూటింగ్‌లో, ఆ క్లబ్ గ్రౌండ్‌కి మా ఇంటి నుంచి నడిచి వెళ్లొచ్చు. ప్రీమియర్ లీగ్ టికెట్లు దొరక్క, దొరికినా కొనలేక, పోనీ ఇదైనా చూద్దామని ఒక శనివారం వెళ్లి అక్కడే ఇరుక్కుపోయినవాణ్ణి. కాబట్టి కొంచెం పొడుగ్గా చెప్తాను, ఓపిక పట్టు.

ముందు వెనక కథ. వింబుల్డన్ పాత క్లబ్ 1889లో పుట్టింది. చాలాకాలం చిన్న లీగుల్లోనే ఆడింది, 1977లో ఫుట్‌బాల్ లీగ్‌లోకి వచ్చింది, 1986కల్లా టాప్ డివిజన్. 1988లో ఎఫ్ఏ (ఇంగ్లండ్ ఫుట్‌బాల్ సంఘం) కప్ ఫైనల్లో లివర్‌పూల్‌ని 1-0తో కొట్టింది, సాంచెజ్ గోల్ వేశాడు, గోల్‌కీపర్ బీసాంట్ పెనాల్టీ ఆపాడు, ఆ కప్ ఫైనల్లో పెనాల్టీ ఆపడం అదే మొదటిసారి. కానీ 1991లో సొంత గ్రౌండ్ ప్లౌ లేన్ వదిలేసి క్రిస్టల్ ప్యాలెస్ వాళ్ల గ్రౌండ్‌లో అద్దెకు దిగారు. అద్దె కొంప అద్దె కొంపే కదా. పదేళ్లు గడిచేసరికి ఓనర్లకు మిల్టన్ కీన్స్ మీద కన్ను పడింది. అది లండన్‌కి ఉత్తరాన సుమారు 90 కిలోమీటర్లు. 2002 మే 28న ఎఫ్ఏ వేసిన ముగ్గురు సభ్యుల కమిషన్ 2-1 ఓట్లతో సరే అంది. పైగా, ఫ్యాన్స్ కొత్త క్లబ్ పెట్టుకుని కింది నుంచి రావడం ఫుట్‌బాల్ విశాల ప్రయోజనాలకు మంచిది కాదని కూడా రాశారు. ఆ మాట ఇప్పటికీ ఇక్కడ బ్యానర్ల మీద కనిపిస్తుంది, వెటకారంగా.

నువ్వు అడిగిన మొదటి ప్రశ్న, ఆడేవాళ్లు ఎక్కడ దొరికారు? తీర్పు వచ్చి నెల తిరిగిందో లేదో, ఏఎఫ్‌సీ వింబుల్డన్ అని కొత్త క్లబ్ పెట్టుకుని జూన్ 29న వింబుల్డన్ కామన్‌లో సెలక్షన్స్ పెట్టారు. కామన్ అంటే జనం కుక్కల్ని తిప్పుకునే పెద్ద ఖాళీ జాగా. ఎవరైనా రావచ్చు అన్నారు, 230 మంది వచ్చారు. అందులోంచి ఏరుకుని జూలై 10న సట్టన్ యునైటెడ్‌తో మొదటి ఫ్రెండ్లీ ఆడితే 0-4తో చిత్తుగా ఓడిపోయారు. ఓడిపోయిన ఆ ఆట చూడ్డానికి 4,657 మంది వచ్చారు చూడు, అసలు సంగతి అక్కడుంది. ఆగస్టులో లీగ్ మొదలైంది, మొదటి ఆట శాండ్‌హర్స్ట్ టౌన్ గ్రౌండ్‌లో. మామూలు రోజుల్లో అక్కడ ఆడేవాళ్ల ఇంటివాళ్లు, ఇద్దరు ముగ్గురు పెద్దాయనలు ఉంటారేమో. ఆ రోజు 2,449 మంది. లోపలికి రావడానికి క్యూ తెగక ఆట ఆలస్యంగా మొదలుపెట్టారు.

డబ్బులు ఎవరిచ్చారు అంటే, వీళ్లే. గేటు దగ్గర. ఆ మొదటి సీజన్లో తొమ్మిదో మెట్టు టీమ్‌కి సగటున మూడు వేల మందికి పైగా వచ్చారు, అదే ఏడాది రెండో మెట్టులో ఆడుతున్న పాత వింబుల్డన్‌కి అంతమంది రాలేదు. ఆ స్థాయిలో మిగతా క్లబ్బులకు యాభై మందో వంద మందో వస్తారు. అంటే ఆట మొదలుకాకముందే వీళ్ల జేబు బరువు వేరు. ఇది దాచిపెట్టి "పేద క్లబ్ అద్భుతం" అని చెప్పేవాళ్లంటే నాకు చిరాకు. జనం పుణ్యమా అని వీళ్లు ఆ లీగ్‌లో కోటీశ్వరులు.

ఆపైన ఎక్కడం. మొదటి ఏడాది మూడో స్థానం, ప్రమోషన్ లేదు. రెండో ఏడాది 46 ఆటలు, 42 గెలుపులు, 4 డ్రాలు, ఓటమి లేదు. 2003 ఫిబ్రవరి నుంచి 2004 డిసెంబర్ దాకా లీగ్‌లో వరసగా 78 ఆటలు ఓడిపోలేదు, ఇంగ్లండ్ సీనియర్ ఫుట్‌బాల్‌లో అది రికార్డు. 2004లో ఒక ప్రమోషన్, 2005లో ఇంకొకటి. తర్వాత మూడేళ్లు ఇస్త్మియన్ ప్రీమియర్ అనే ఏడో మెట్టు లీగ్‌లో ఇరుక్కుపోయారు, ఆ మూడేళ్ల గురించి ఎవరూ వీడియోలు తీయరు. 2008లో ప్లేఆఫ్ (ప్రమోషన్ కోసం సీజన్ చివర ఆడే నాకౌట్ ఆటలు) గెలిచి బయటపడ్డారు, 2009లో కాన్ఫరెన్స్ సౌత్ చాంపియన్లు, 2011లో మళ్లీ ప్లేఆఫ్. తొమ్మిది సీజన్లలో ఐదు ప్రమోషన్లు.

2011 మే 21 మాంచెస్టర్‌లో ల్యూటన్ టౌన్‌తో ఆ ఫైనల్ ఉంది చూశావా, నేనప్పటికి ఇంకా ఇండియాలోనే ఉన్నాను గానీ, మా స్టాండ్‌లో పక్క సీటు పెద్దాయన ఎన్నిసార్లు చెప్పాడో, నేనే వెళ్లినట్టు అయిపోయింది. 120 నిమిషాలు 0-0. ఆఖర్లో ల్యూటన్ వాళ్ల హెడర్ ఒకటి పోస్ట్‌కి తగిలి వెనక్కి వచ్చింది. పెనాల్టీల్లో సెబ్ బ్రౌన్ రెండు ఆపాడు, కెప్టెన్ కెడ్వెల్ చివరిది కొట్టాడు, 4-3. చిన్నప్పటి నుంచి వింబుల్డన్ ఫ్యాన్ అయిన కుర్రాడే గోల్‌కీపర్. పోస్ట్ ఒక అంగుళం అటుంటే నువ్వీ ప్రశ్న అడిగేవాడివే కాదు, అది నిజం.

లెక్కల మాస్టారు

టూటింగ్ గారూ బాగా రాశారు. ఒకటి కలపాలి. కష్టాలంటే మైదానంలోవే అనుకుంటారు అందరూ. 2007లో వీళ్లకు 18 పాయింట్లు కోశారు, ఎందుకో తెలుసా? వేల్స్ క్లబ్ నుంచి వచ్చిన ఒక ఆటగాడికి అంతర్జాతీయ క్లియరెన్స్ కాగితం తీసుకోలేదు. వేల్స్‌కి ఫుట్‌బాల్‌లో వేరే సంఘం కదా, పక్క వీధి నుంచి వచ్చినా విదేశం కిందే లెక్క. పెద్ద గొడవై, అప్పీలు చేస్తే 3 పాయింట్లకు తగ్గించారు. అమెచ్యూర్ క్లబ్బుని ముంచేది స్ట్రైకర్ కాదండీ, రిజిస్ట్రేషన్లు చూసే సెక్రటరీ. బొల్లారం తమ్ముడూ, టీమ్ పెడితే ముందు అలాంటి మనిషిని వెతుక్కో, ఫైళ్లంటే ఇష్టమున్నవాణ్ణి.

ఉప్పల్ అల్ట్రా

ఇంతకీ ఇది టెన్నిస్ వింబుల్డనేనా? సీరియస్‌గా అడుగుతున్నా, నవ్వకండి.

టూటింగ్ తెలుగోడు

అదే ఊరు అన్నా. అక్కడ స్ట్రాబెర్రీలు, ఇక్కడ చిప్స్, అంతే తేడా.

మిల్టన్ మురళి

నేనుండేది మిల్టన్ కీన్స్‌లో, పాత వింబుల్డన్ వచ్చి ఎంకే డాన్స్ అయిన ఊళ్లో, తిట్టేవాళ్లు లైన్లో రండి. ప్రతి చోటా మమ్మల్ని దొంగల్లా చూపిస్తారు గానీ, 2002లో మా అబ్బాయి పుట్టనేలేదు. వాడికి ఇది వాడి ఊరి టీమ్. 2014లో మాంచెస్టర్ యునైటెడ్‌ని 4-0తో కొట్టిన రాత్రి వాడి మొహం చూసి ఉంటే మీరూ ఏమీ అనలేరు. పాత వింబుల్డన్ కప్పులు, ఆ చరిత్ర మాది కాదని 2007లోనే క్లబ్ వదులుకుంది, కప్పుల నకళ్లు, పాత వస్తువులు వింబుల్డన్ ఉన్న మెర్టన్ బరో (లండన్‌లో ఒక మున్సిపాలిటీ)కి అప్పగించింది. చేసింది తప్పే, ఒప్పుకుంటా. కానీ ఆ తప్పు చేసినవాళ్లు వేరు, శనివారం స్కార్ఫ్ వేసుకుని వచ్చేవాళ్లు వేరు.

ఇంకో మాట, మీ కథలో ఎవరూ చెప్పనిది. ఏఎఫ్‌సీ వింబుల్డన్ ఆడుకున్న కింగ్స్‌మెడో గ్రౌండ్ అసలు కింగ్‌స్టోనియన్ అనే ఇంకో పాత అమెచ్యూర్ క్లబ్‌ది. వీళ్లు 2003లో ఆ గ్రౌండ్ కొనుక్కున్నారు, కింగ్‌స్టోనియన్ కిరాయిదారు అయింది. తర్వాత సొంత స్టేడియం కోసం దాన్ని చెల్సీకి అమ్మారు, 2017లో కింగ్‌స్టోనియన్ ఇల్లు ఖాళీ చేసింది. ఇల్లు పోగొట్టుకున్న క్లబ్ వల్లే ఇంకో క్లబ్ ఇల్లు పోయింది. దీని మీద కూడా ఎవరైనా వయొలిన్ పెట్టి వీడియో తీయండి.

టూటింగ్ తెలుగోడు

మురళి గారూ, కింగ్‌స్టోనియన్ విషయం నిజం. మా స్టాండ్‌లో కూడా దాని గురించి మాట్లాడుకునేటప్పుడు గొంతులు తగ్గుతాయి. మీవాడి మీద నాకేం కోపం లేదు, క్లబ్ మీద మాత్రం ఉంటుంది, అది వేరే ఖాతా. 2012లో మొదటిసారి ఎదురుపడినప్పుడు ఎఫ్ఏ కప్‌లో మీరు 2-1తో గెలిచారు, ఆఖర్లో మడమతో తగిలి పడింది ఆ గోల్. ఆ బాకీ మేం తీర్చుకున్నాం లెండి.

తమ్ముడూ, నువ్వు అడగలేదు గానీ చెప్పాల్సింది ఇంకోటుంది: ఎక్కాక ఎలా నిలబడ్డారు? నిలబడలేదు, ఊగారు. 2013లో ఆఖరి రోజు ఫ్లీట్‌వుడ్ మీద పెనాల్టీ పడితే గానీ ఫుట్‌బాల్ లీగ్‌లో మిగల్లేదు. 2016లో వెంబ్లీలో ప్లిమత్‌ని 2-0తో కొట్టి లీగ్ వన్, అంటే మూడో మెట్టు. అకిన్‌ఫెన్వా అనే కొండంత మనిషి చివర్లో పెనాల్టీ వేసి, టీవీ మైకు ముందే, నాకు ఇప్పుడు ఉద్యోగం లేదు, మేనేజర్లెవరైనా వాట్సాప్‌లో పలకరించండి అన్నాడు. 2018లో ఎంకే డాన్స్ కిందికి పడితే మేం పైనే ఉన్నాం, ఆ వేసవి ఇక్కడ బీరు రుచి వేరేలా ఉంది. 2022లో మేమూ పడ్డాం. 2025 మేలో వాల్సల్ మీద 1-0తో గెలిచి మళ్లీ లీగ్ వన్.

గ్రౌండ్ కథ నాకు అన్నిటికన్నా ఇష్టం. పాత ప్లౌ లేన్‌కి కూతవేటు దూరంలో, కుక్కల పందేల స్టేడియం ఉన్న జాగాలో కొత్తది కట్టారు. మధ్యలో డబ్బు చాలకపోతే బయటి పెట్టుబడిదారులకి వాటా ఇవ్వాలా అన్న చర్చ వచ్చింది, క్లబ్‌లో పెద్ద గొడవ. క్లబ్‌ని నడిపేది డాన్స్ ట్రస్ట్ అనే ఫ్యాన్స్ సంఘం, మెంబర్‌కి ఒక ఓటు, ఎంత డబ్బున్నా ఒకటే. చివరికి ఫ్యాన్సే బాండ్లు కొన్నారు, 2020 మొదట్లో 50 లక్షల పౌండ్లకు పైగా పోగైంది, వడ్డీ వద్దనుకుంటే సున్నా శాతం అని కూడా రాసుకోవచ్చు. ఆ ఏడాది నవంబర్ 3న డాంకాస్టర్‌తో మొదటి ఆట, 2-2. 29 ఏళ్ల తర్వాత ఇంటికి వచ్చారు, కరోనా వల్ల స్టాండ్లలో మనిషి లేడు. పక్క సీటు పెద్దాయన గేటు బయట దాకా వెళ్లి కాసేపు నిలబడి వచ్చాడట. ఆ మాట చెప్పేటప్పుడు మాత్రం ఆయన జోకులు వేయడు.

2024 సెప్టెంబర్‌లో పక్కనున్న వాండిల్ నది పొంగి పిచ్‌లో గొయ్యి పడింది, న్యూకాజిల్‌తో ఇంట్లో ఆడాల్సిన కప్ ఆట వాళ్ల ఊరికి మార్చారు. ఓటు మనదే అయినప్పుడు గొయ్యి కూడా మనదే, చందాలు మళ్లీ మొదలు.

పాత గోలీ, మారేడ్‌పల్లి

పిల్లలూ, మీరంతా లండన్ చూస్తున్నారు. నేను ముప్పై ఏళ్ల కింద సికింద్రాబాద్‌లో డివిజన్ ఫుట్‌బాల్ ఆడినవాణ్ణి, కాబట్టి నేల మీద మాట చెప్తా.

మన హైదరాబాద్ ఏమన్నా తక్కువదా? రహీం సాబ్ తయారుచేసిన సిటీ పోలీస్ టీమ్ 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్లు రోవర్స్ కప్ గెలిచింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో ఇండియా నాలుగో స్థానం, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో గోల్డ్, రెండిటికీ కోచ్ రహీం సాబే. అమ్ముగూడ నుంచి తులసీదాస్ బలరాం వచ్చాడు. బార్కస్‌లో ఇప్పటికీ పిల్లలు సాయంత్రమైతే బంతి పట్టుకుని బయటికి వస్తారు.

మరి ఏమైంది అంటే, నా అభిప్రాయం చెప్తా, తప్పంటే సరిదిద్దండి. మన టీములన్నీ డిపార్ట్‌మెంట్లవి. పోలీసు, రైల్వే, బ్యాంకు, ఫ్యాక్టరీ. ఆడేవాడికి ఉద్యోగం దొరికేది, అది గొప్ప సంగతే, మా ఇంట్లో పొయ్యి వెలిగింది దానివల్లే. కానీ స్పోర్ట్స్ కోటా తగ్గేసరికి టీములు కూడా తగ్గిపోయాయి, అడగడానికి ఎవరికీ హక్కు లేదు, ఎందుకంటే అది మొహల్లా టీమ్ కాదు, సర్కారు టీమ్. మేం లీగ్ ఫైనల్ ఆడిన ఏడాది గట్టు మీద రెండు వందల మంది ఉన్నారేమో, అందులో సగం మా డిపార్ట్‌మెంట్ వాళ్లే, ఆ రోజు పర్మిషన్ ఇచ్చారని వచ్చినవాళ్లు. కంపెనీలు పెట్టినా అంతే. శ్రీనిధి క్లబ్‌నే చూడండి, విశాఖపట్నం పేరు మీద ఐ-లీగ్ (ఐఎస్ఎల్ కింది లీగ్)లో చోటు దొరికింది, ఆడింది హైదరాబాద్‌లో. బాగానే ఆడారు, రెండో స్థానం దాకా వచ్చారు, నేనేం తప్పు పట్టట్లేదు. వైజాగ్ వాళ్లని ఎవరైనా అడిగారా అని మాత్రం అనిపిస్తుంది.

కాబట్టి బొల్లారం బాబూ, టూటింగ్ ఆయన చెప్పిన 230 మంది మన దగ్గర దొరుకుతారు, ఐదు వందల మంది కూడా వస్తారు. 0-4తో ఓడిన ఆట చూసే 4,657 మంది దొరుకుతారా, అది చూసుకో.

లెక్కల మాస్టారు

గోలీ గారి మాటకి ఒక తోక. నిచ్చెన కూడా ఉండాలి కదండీ. ఇంగ్లండ్‌లో తొమ్మిదో మెట్టు నుంచి పైకి దారి తెరిచే ఉంది, గెలిస్తే ఎవరూ ఆపలేరు. మన దగ్గర ఐఎస్ఎల్ 2014లో మొదలైతే ఐ-లీగ్ నుంచి ప్రమోషన్ మీద పైకి వెళ్లిన మొదటి క్లబ్ పంజాబ్ ఎఫ్‌సీ, అదీ 2023లో. మరుసటి ఏడాది మహమ్మదన్ స్పోర్టింగ్. ఐ-లీగ్ 3 కూడా 2023లోనే పెట్టారు, రాష్ట్ర లీగ్ నుంచి దాంట్లోకి దారి. అంటే కాగితం మీద బొల్లారం నుంచి పై దాకా మెట్లున్నాయి, మెట్టు మెట్టుకీ లైసెన్సు షరతులు, ప్రయాణ ఖర్చులు కూడా ఉన్నాయి. ఇంగ్లండ్‌లో కింది లీగ్ వాళ్లు పొద్దున బస్సెక్కి రాత్రికి ఇంటికొస్తారు, మనకు ఐ-లీగ్‌లో ఒక ఆటకి మిజోరంలోని ఐజ్వాల్ దాకా వెళ్లాల్సి రావచ్చు.

ఐజ్వాల్ అంటే గుర్తొచ్చింది. 2016లో ఐ-లీగ్ నుంచి కిందికి పడ్డారు, మళ్లీ చేర్చుకున్నాక 2017లో ఏకంగా టైటిల్ కొట్టారు, ఖాలిద్ జమీల్ కోచ్. మనకు పోలిక కావాలంటే అది దగ్గర.

బొల్లారం బ్యాక్

అందరికీ చాలా థ్యాంక్స్, ఇంత వస్తుందనుకోలేదు. మురళి అన్నా, మీ అబ్బాయి సంగతి చదివాక ఢిల్లీలో ఏ పిల్లాడైనా ఆ టీమ్ కోసం అరుస్తాడేమో అని మొదటిసారి అనిపించింది. ఇంకా నచ్చట్లేదు గానీ, అనిపించింది.

నిన్న మా ఆదివారం బ్యాచ్‌తో మాట్లాడాను. క్లబ్ అంటే ముందు సొసైటీగా రిజిస్టర్ చేయాలి, దానికి కనీసం ఏడుగురు సభ్యులుండాలని మా బావ చెప్పాడు, ఆయన ఇలాంటి కాగితాలు చూస్తుంటాడు. మెంబర్‌కి ఒక ఓటు అని బైలాలో రాసుకుందాం అన్నాను. దాంతో గంటసేపు గొడవ, ఎందుకంటే బంతులు, నెట్లు కొన్నవాడు నాకు రెండు ఓట్లు కావాలంటాడు. అతను వెళ్లిపోతే నెట్లు కూడా పోతాయి. సాయంత్రానికి నలుగురు సరే అన్నారు. గోలీ సార్, మీరు ఇంకా మారేడ్‌పల్లిలోనే ఉంటే ఐదో సంతకం మీది పెడతారా? మాస్టారు గారూ, ఫైళ్లంటే ఇష్టమున్న మనిషి అన్నారు కదా, మీరు ఎక్కడుంటారు?

లెక్కల మాస్టారు

అల్వాల్. ఆదివారం ఎన్నింటికి?